దండెం మీద ప్రశ్నలు

కిటికీ ఊచకీ పుస్తకాల బీరువా మేకుకీ మధ్య కట్టిన దండెం ఖాళీగా ఊగుతోంది, ఫ్యాను గాలికి బట్టల క్లిప్పులు ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకుంటున్నట్టు టిక్కు టిక్కుమంటున్నాయి, దాని కిందే కుర్చీ వేసుకుని లెక్కల మాస్టారు పిల్లల వంక చూస్తున్నాడు, చూడనట్టు చూస్తున్నాడు. పరీక్ష హాల్లో ఆయన చూపు వేరు, అది గద్ద చూపు. ఇది పొయ్యి దగ్గర నిలబడి పాలు ఎప్పుడు పొంగుతాయా అని చూసేవాడి చూపు, రెప్ప వాల్చితే పొంగిపోతాయి, కాచుకు కూచుంటే చచ్చినా పొంగవు. ఒక్క చీటీ చాలు. ఈ గంట అయ్యేలోపు ఈ గదిలో ఎవరో ఒకరు ఒక్క ప్రశ్న రాసి ఆ దండేనికి తగిలిస్తే చాలు, లేకపోతే గంట కొట్టగానే పెద్దమేడం తలుపు దగ్గర నిలబడి, ఏం మాస్టారూ, వచ్చిందా, అని అడుగుతుంది, రాలేదండీ అనాలి, అనగానే వచ్చేవారం నుంచి ఈ చదువు గంట ఉండదు, దాని బదులు లెక్కల గంట ఉంటుంది. అంటే తన గంటే. ఏళ్ళ తరబడి ప్రతి మీటింగులోనూ లేచి నిలబడి, పిల్లలకి భిన్నాలు రావడం లేదు మేడం, వారానికి ఇంకొక్క పీరియడు ఇప్పించండి, అని తను అరిగిపోయిన రికార్డులా అడిగిన గంటే ఇప్పుడు నడిచొచ్చి ఒళ్ళో కూచోబోతోంది, కూచుంటే లేచి పారిపోవాలని ఎందుకనిపిస్తోందో మాత్రం అంతుపట్టడం లేదు.

పిల్లలు చదువుతున్నారు. పుస్తకాలైతే తెరిచే ఉన్నాయి. కిటికీ పక్కన బొంగరం, వాడు కూచున్నచోట కూచోలేడు కాబట్టి ఆ పేరు, ఇవాళ మాత్రం బొమ్మలా కూచున్నాడు. నేల మీద చాప వేసుకుని బోర్లా పడుకున్న నలుగురూ పడుకున్నట్టే ఉన్నారు. బీరువాకి వీపు ఆనించి కామా, ఆ పిల్ల వాక్యం చివర చుక్క పెట్టదు, మాట్లాడినా అంతే, ఊపిరి అయిపోతే ఆగుతుంది గాని మాట అయిపోయి ఆగదు. పేజీలు తిప్పడం లేదేమిటి వీళ్ళు? మాస్టారుకి ఆ సంగతి ఇప్పుడే తట్టింది. ఇందాకటి నుంచీ ఒక్క పేజీ చప్పుడు కాలేదు, ముప్ఫైమంది చదివే గదిలో పేజీల చప్పుడు చిరుజల్లులా పడుతూనే ఉండాలి, తెలుగు టీచరమ్మ ఉన్నరోజుల్లో వరండాలోంచి పోతుంటే వినబడేది. అలిగారు. పుస్తకం అడ్డం పెట్టుకుని అలిగారు. అలగరూ మరి.

ఆ టీచరమ్మ పద్ధతి అలాంటిది. వారానికోసారి ఆఖరి పీరియడులో ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్ళు చదువుకోవాలి, చదివిందేమిటో చెప్పమని అడగదు, సారాంశం రాయమనదు, మార్కులు అసలే లేవు. కథంతా తిన్నాక పళ్ళెంలో ఏం మిగిలిందో అది రాయండర్రా అంటుంది. కథ చెప్పకుండా వదిలేసిన దాని మీద ఒక ప్రశ్న, ఒక చీటీ, ఒక క్లిప్పు. వాటికి ఎవరూ జవాబు చెప్పకూడదు. చెప్పకూడదన్న ముక్క ఆమె మాస్టారుకి చెప్పలేదు, ఎందుకు చెబుతుంది, నీళ్ళలో తడుస్తారు జాగ్రత్త అని ఎవరైనా చెబుతారా? నిండు నెలలతో సెలవు మీద వెళుతూ, ఆయాసపడుతూ మెట్ల దగ్గర ఆగి ఒకే మాట అంది, పిల్లల దండెం కాస్త చూస్తూ ఉండండి మాస్టారూ అని. చూస్తూ ఉండండి. బడిలో చూడటం అంటే ఏమిటి? నోటు పుస్తకాలు చూశారా మాస్టారూ అంటే దిద్దారా అని, పేపర్లు చూడటం అయిపోయిందా అంటే మార్కులు వేశారా అని. బయట లోకంలో మనుషులు కళ్ళతో చూస్తారేమో, బళ్ళో పంతుళ్ళు ఎర్రసిరాతో చూస్తారు. పాపం మాస్టారు ఒక సాయంత్రం ఇక్కడే, ఈ కుర్చీలోనే కూచుని, దండెం మీద పిట్టల్లా వాలి ఉన్న ప్రశ్నలన్నిటినీ ఒక్కొక్కటే దించి శ్రద్ధగా చూసేశాడు. ఇన్ని ప్రశ్నలు ఇన్నాళ్ళుగా జవాబు లేకుండా పడి ఉన్నాయే, ఆ టీచరమ్మకి ఒంట్లో ఓపిక లేక వదిలేసినట్టుంది, పాపం అనుకున్నాడు కూడా.

దయ్యం గోడలోంచి రాగలిగినప్పుడు తలుపు ఎందుకు తట్టింది? దయ్యాలు లేవు. రాజుగారు ఓడిపోయి పారిపోయేటప్పుడు ఆ కుక్క ఏ వైపు పరిగెత్తింది, దాని పేరు కథలో ఒక్కరైనా అడగలేదేం? కథకు అవసరం లేదు. ఓడ మునిగిపోయాక కెప్టెను టోపీ ఎంతసేపు తేలింది? దీనికి మాత్రం మాస్టారుకి హుషారు వచ్చింది, టోపీ ఉన్నిదా నారదా అన్నది పుస్తకంలో లేదు కాబట్టి రెండు రకాలుగానూ లెక్కగట్టి, చీటీ చాలక వెనక్కి తిప్పి, అక్కడా చాలక ఇంకో చీటీ అతికించి, ఉప్పునీళ్ళు కాబట్టి కొంచెం ఎక్కువ అని చివర గీత కొట్టాడు. ఆయన లెక్క అంటే లెక్కే మరి. ఆయన సంగతి పిల్లలు చెప్పుకునేవి వింటే నిజమా అబద్ధమా అనేది ఎవరి ఓపికని బట్టి వాళ్ళు తేల్చుకోవాలి. ఆయన గోడ మీద సున్నా గీస్తే బల్లి దాన్ని కన్నమనుకుని దూరబోయి ముక్కు చితకగొట్టుకుందట. ఆయన వరండాలో నడిచి వస్తుంటే గోడ గడియారం తన టైము సరిచూసుకుంటుందట. వాళ్ళింట్లో అద్దం కూడా ఆయన కుడిచేతిని కుడివైపే చూపిస్తుందట, ఎడమ వైపు చూపించే ధైర్యం దానికి లేక. ఈ ఆఖరిది బొంగరం పుట్టించాడని ఆయనకి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు, ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ అద్దంలోకి ఓసారి పరీక్షగా చూశాడు కూడా, ఎందుకైనా మంచిదని.

జవాబులు రాసిన చీటీలన్నీ మళ్ళీ ఎవరి క్లిప్పుకి వాళ్ళవి తగిలించాడు. మర్నాడు గుమ్మంలో అడుగుపెట్టిన పిల్లలు వాటిని చూసి ఏమంటారోనని లోపల్లోపల చిన్న ఉబలాటం కూడా లేకపోలేదు. ఏమీ అనలేదు. ఎవరి చీటీ వాళ్ళు దించుకున్నారు, చదువుకున్నారు, మడిచి పుస్తకాల్లో పెట్టుకున్నారు. థ్యాంక్యూ సార్ అని ఒక పిల్ల అంది, పంటి డాక్టరుతో అన్నట్టు. అంతే, ఆనాటి నుంచి దండెం బోడిగుండు అయింది. వారం గడిచింది, ఇంకో వారమూ గడిచింది. స్టాఫ్ రూములో డ్రాయింగు మాస్టారు గట్టిగా నవ్వి, మీరు జవాబులు చెప్పి చంపేశారండీ, పిట్టలు వాలే తీగకి కరెంటిచ్చారు, అన్నాడు. అప్పటికి గాని మాస్టారుకి సంగతి తెలియలేదు. ఇంట్లో చెబితే భార్య కూర తరుగుతూ తలెత్తకుండా, మిమ్మల్ని ప్రేమగా ఒక మాట అడిగినా మెట్లతో సహా విప్పి చేతిలో పెడతారు, ఆ పిల్లల గతి అంతే, అంది. ప్రేమగా ఎప్పుడడిగిందో గుర్తు రాలేదు. అడిగి ఉంటుంది, తను జవాబు చెప్పేసి ఉంటాడు.

పక్క గదిలో నాటకాల క్లబ్బు. గోడకి అటువైపు ఒక సైనికుడు చచ్చిపోతున్నాడు, సరిగ్గా చావడం లేదు, మళ్ళీ చావమంటోంది వాళ్ళ టీచరు, మళ్ళీ దబ్బున పడుతున్నాడు, ఈసారి నవ్వు వినబడింది, చచ్చినవాడిదే అయి ఉంటుంది. కింద పెరట్లో మొక్కల క్లబ్బువాళ్ళు నీళ్ళ డబ్బాలు లాగుతున్నారు. చదరంగం వాళ్ళ గదిలోంచి చప్పుడే లేదు, వాళ్ళది మౌనం, వీళ్ళదీ మౌనం, కాని రెండు మౌనాలూ ఒకటి కావు, వాళ్ళది బరువు మోసేవాడి మౌనం, వీళ్ళది దేనికో పొంచి ఉన్నట్టుంది. ఇదేమిటి, తనకి ఇలాంటి పోలికలు ఎప్పటి నుంచి వస్తున్నాయి? ఈ గదిలో కూచోబెట్టి చెడగొట్టారు తనని. అసలు ఈ పిల్లలకి ప్రశ్నలు ఎక్కడి నుంచి వస్తాయి? లెక్కల క్లాసులో డౌట్లున్నాయా అంటే ఒక్క చెయ్యి లేవదు, ఇదే పిల్లలు, ఇవే చేతులు. అక్కడ లేవని చేతులు ఇక్కడ కుక్క పేరేమిటని అడుగుతాయి. నిజంగానే, ఆ కుక్క ఏ వైపు పరిగెత్తి ఉంటుంది? రాజు వెంట పోయిందనుకుంటాం. కుక్కకి అన్నం పెట్టేది రాజు కాదు గదా, వంటవాడు. వంటవాడు ఏ వైపు పారిపోయాడు? కథకు అవసరం లేదు అని రాసిన చెయ్యి ఒళ్ళో బరువుగా పడి ఉంది. ఆ దయ్యం సంగతి కూడా. తలుపు తట్టడం అంటే లోపలివాళ్ళు రమ్మనాలని కదా, గోడలోంచి వస్తే రావడమే అవుతుంది, తలుపు తడితే పిలిపించుకోవడం అవుతుంది, దానికి పిలిపించుకోవాలని ఉందేమో, లేని దయ్యానికి అంత మర్యాద ఎక్కడిదో.

చేతికందిన పుస్తకం ఒకటి బీరువాలోంచి లాగాడు, సన్నటిది, అట్ట మీద ఇల్లు బొమ్మ, ఒక ముసలావిడ, ఒక వీధి. దీన్నే కామా చదివింది, చీటీలో రాసింది గుర్తుంది, ముసలావిడ ఒక్కతే ఉంటుంది కదా, ఎవరూ రారు అని మొదటి పేజీలోనే రాశారు కదా, మరి రోజూ పొద్దున్నే వరండాలో రెండు కుర్చీలు వేస్తుందేం, రెండోది ఎవరి కోసం, అని. దానికి ఆయన రాసిన జవాబు అతిథుల కోసం. ఎవరూ రారని ఆ పిల్ల ముందే చెబితే అతిథులు ఎలా వస్తారు? ఇచ్చిన దత్తాంశాన్ని చదవకుండా లెక్క చేసేవాడికి తను వేసే మార్కు సున్నా. పుస్తకం తిరగేశాడు, ముసలావిడ లేచింది, కుర్చీలు వేసింది, పక్కింటి పిల్లి వచ్చింది, కుర్చీ ఎక్కబోతే అదిలించింది, అంటే పిల్లి కోసం కాదు, వాన వచ్చింది, తన కుర్చీ తడిసినా ఊరుకుని రెండో కుర్చీని ముందు లోపల పెట్టింది, ఇదేదో తనకి తెలిసిన సంగతే, ఎక్కడో చూసిన సంగతే, పుస్తకంలో కాదు, పుస్తకాలు తను ఎప్పుడు చదివాడు గనుక. ముందు వాసన వచ్చింది. మిషను నూనె వాసన, కొత్తబట్ట గంజి వాసన. ఆ తర్వాత చప్పుడు, ఎక్కడా ఆగని కటకటకట, ఆ తర్వాత అమ్మ వంగిన మెడ.

అమ్మ బట్టలు కుట్టేది. వీధి గదిలో కిటికీ పక్కన మిషను, మిషను ముందు అమ్మ కుర్చీ, దాని పక్కనే ఇంకో కుర్చీ. చేతులున్న కుర్చీ, మంచిది, ఇంట్లో ఉన్న వాటన్నిట్లో మంచిది అదే. ఎవరూ కూచునేవాళ్ళు కాదు దాంట్లో. కుట్టించుకునేవాళ్ళు కిటికీలోంచే బట్ట అందించి, కొలతలకి గుమ్మంలో నిలబడి, అలాగే వెళ్ళిపోయేవాళ్ళు. కత్తిరించిన ముక్కలు నేల మీద పడేవి గాని ఆ కుర్చీ మీద పడేవి కావు. తను మెట్టు మీద కూచుని ఎక్కాలు రాసుకునేవాడు, అక్క గడప మీద కూచుని గుండీలు కుట్టేది, మధ్యలో నిక్షేపంలాంటి కుర్చీ ఖాళీగా ఉండేది. అక్కనడిగితే, నీకు తెలీదట్రా, రాత్రి మనం పడుకున్నాక మిషను దానంతటది కుడుతుంది, అప్పుడు అమ్మ ఆ కుర్చీలో కూచుని దానికి వంకలు పెడుతుంది, నీ లాగు జేబులు అది కుట్టినవే, అందుకే చిల్లులు, అనేది. ఎన్నాళ్ళు నమ్మాడో. మిషను అలసిపోతుందని పగలు దానికి విసనకర్రతో విసిరేవాడు కూడా, అమ్మ నవ్వి నవ్వి దారం తెంపుకుంది. నమ్మడం మానేశాక అడగడం కూడా మానేశాడు, అదేమిటి, అబద్ధం పోయాక నిజం అడగాలి కదా, అబద్ధంతో పాటు ప్రశ్న కూడా పోయిందేం? కాదు, ఒకసారి అడిగాడు. పెద్దయ్యాక, ఊళ్ళో బడి అయిపోయి పట్నం బడికి వెళ్ళబోయే ముందు, సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, అమ్మా, ఆ కుర్చీ ఎవరికే, అన్నాడు. అమ్మ పెదాల మధ్య గుండుసూదులున్నాయి, వరసగా, ఎవరిదో జాకెట్టు ఆకారం కుదరక సూదులు గుచ్చి చూస్తోంది. నోరు తెరిస్తే సూదులు రాలతాయి. తన వంక చూసింది, కుర్చీ వంక చూసింది, సూదుల వెనక ఏదో అంది, మ్మ్ అన్నట్టు వినబడింది. అంతలో ఎవరో పిలిచారు, బండి వెళ్ళిపోతోందని. సూదులు తీసి చేతిలో పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్తసేపు ఆగలేదు. ఊహూ అని కాబోలు, ఎవరికీ కాదని కాబోలు అనుకుని, జవాబు వచ్చేసిందనుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు అమ్మ లేదు. అక్కనడిగితే కొత్త అబద్ధం చెబుతుంది, అడగాలి, అదైనా వినాలనే ఉంది. వచ్చేవాళ్ళెవరైనా ఉండేవాళ్ళా? వెళ్ళిపోయినవాళ్ళా? తన పక్కన తనే ఖాళీగా ఒక్కక్షణం కూచుందామని ఉంచుకుందా, ఎప్పుడో పని అయిపోయాక, చేతులున్న కుర్చీలో, రెండు చేతులూ ఆనించి? ఎప్పుడూ అవని పని గదా అది. ఏదీ కుదరడం లేదు. మూడూ కుదురుతున్నాయి. ఒకే లెక్కకి ఇన్ని జవాబులు వచ్చి, దేన్నీ కొట్టెయ్యబుద్ధి కాకపోవడం ఆయన ఉద్యోగ జీవితంలో ఇదే మొదలు, తప్పు ఎక్కడుందా అని వెతకకుండా అలాగే చూస్తూ కూచోవడమూ ఇదే మొదలు, ఇందులో ఒక రకం సుఖం ఉందని ఎవరైనా ముందే చెప్పి ఉండకూడదా.

నీడ పడితే తలెత్తాడు. ఎదురుగా కామా, వెనక బొంగరం, వాళ్ళ వెనక చాప మీదివాళ్ళు లేచి కూచుని ఇటే చూస్తున్నారు. గంట కొట్టే వేళ కావస్తోంది.

"సార్, ఒక రూలు అడగాలి," అంది కామా. "మా టీచర్‌ని అడిగేవాళ్ళం, ఆవిడ లేరు, అందుకని ఆగాం, ఈ వారం కూడా ఆగితే మేడం గంట తీసేస్తారట, అందుకని,"

"అందుకని ఏమిటమ్మా?"

"దండెం రూలు పుస్తకాలకేనా, జవాబులకి కూడానా?"

మాస్టారుకి అర్థం కాలేదు. బొంగరం ముందుకొచ్చి విడమరిచాడు. అలగలేదా అంటే అలిగారట, మొదటి వారం, తర్వాత అలిగి అలిగి విసుగొచ్చిందట. అప్పుడు ఎవరో సార్ రాసినవి చదువుదాం అన్నారట. ఒకళ్ళవి ఒకళ్ళు మార్చుకుని అప్పటి నుంచీ అవే చదువుతున్నారట, ఇవాళ కూడా పుస్తకాల్లో పెట్టుకుని. టోపీ జవాబు బొంగరానికి కంఠతా వచ్చేసిందట. చదివితే ఏదో ఒకటి మిగులుతుంది గదా, మిగిలిందట, రాశారట కూడా, కాని సార్ మీద ప్రశ్న సార్ నెత్తి మీదే వేలాడదీస్తే బాగుంటుందా అని తేలలేదట. సగం మంది బాగుండదన్నారట.

"మిగతా సగం?"

"సార్‌కి కోపం వస్తే ఎలా ఉంటుందో చూద్దాం అన్నారు," అన్నాడు బొంగరం.

నవ్వాలో కసరాలో తెలియక మాస్టారు చెయ్యి చాచాడు. కామా చీటీ పెట్టింది. పాత చీటీయే, తను ఎర్రగా దిద్దినదే, దాని కింద పెన్సిలుతో చిన్న చిన్న అక్షరాలు, రెండో కుర్చీ ఎవరి కోసం అని నేను అడిగితే సార్ అతిథుల కోసం అని రాశారు, కాని 'అ' దగ్గర ఎర్రసిరా చుక్క ఊరి పెద్ద మరకైంది, మిగతా ఏ చీటీలోనూ మరక లేదు, అందరివీ చూశాం, అంటే సార్ పెన్ను అక్కడ ఆనించి రాయకుండా చాలాసేపు ఉండిపోయారు, ఆ సేపట్లో సార్‌కి ఎవరు కనిపించారు,

మరక. ఉంది. మందార మొగ్గంత. ఆ సాయంత్రం తను ఆగినట్టే ఆయనకి గుర్తు లేదు.

తలుపు దగ్గర పెద్దమేడం గొంతు సవరించుకుంది. చేతిలో కొత్త టైమ్ టేబులు. "ఏం మాస్టారూ, మీ గంట మీకు రాసిచ్చెయ్యనా?"

ఆయన చీటీ అందించాడు. ఆవిడ కళ్ళజోడు కిందికి దించి చదివింది, పైకి తోసి మళ్ళీ చదివింది. ఆవిడకి పనులున్నాయి, కింద ఎవరో తల్లిదండ్రులు కాచుకుని ఉన్నారు, అయినా అక్కడే నిలబడి మెల్లగా అడిగింది. "ఎవరండీ కనిపించింది?"

"మా అమ్మండీ. కాని ఆవిడ కూచునేది మొదటి కుర్చీలో." మాస్టారు ఒళ్ళోని పుస్తకం మూశాడు. "రెండోది ఎవరికోసమో నాకు తెలీదండీ."

గోడకి అటువైపు సైనికుడు ఆ క్షణానికి చావడం ఆపినట్టున్నాడు. లెక్కల సార్‌కి తెలీదట, అని చాప మీది పిల్ల ఒకతె పక్కదానితో అంది, ఎగతాళిగా కాదు, ఆకాశంలో ఏదో కనబడితే చూపించినట్టు. తర్వాత ఒక పెన్సిలు కదిలింది, ఆ పక్కన ఇంకొకటి, నోటు పుస్తకాల్లోంచి కాగితాలు సర్రున చిరిగాయి, చిరిగిన కాగితాలు మోకాళ్ళకి ఆనించుకునీ, ఒకళ్ళ వీపు మీద ఒకళ్ళు పెట్టుకునీ రాస్తున్నారు. మీ అక్క గడప మీదే ఎందుకు కూచునేది అని రాయాలంటే తనకి ఒక అక్క ఉందని వాళ్ళకి తెలియాలి, తెలియదు, అయినా ఏం రాస్తున్నారు ఇంతసేపు, అమ్మ బట్టలు కుట్టేదని కూడా వాళ్ళకి తెలియదు, ఏమీ తెలియకుండానే ఇంత రాస్తున్నారే. మెడ చాచి చూడబోయి మాస్టారు కూచున్నచోటే కూచున్నాడు. బయట గంట కొట్టారు. ఎవరో క్లిప్పుల డబ్బా తెచ్చి, ఖాళీగా కనిపించిన చేతులు ఆవిడవే కాబట్టి, పెద్దమేడం చేతుల్లో పెట్టి పోయారు, టైమ్ టేబులు చంకలోకి పోయింది.

"మేడం," అంది కామా, బీరువా వైపు మునివేళ్ళ మీద సాగుతూ, "కొంచెం పక్కకి జరుగుతారా, మీరు అడ్డమున్నారు, దండెం అందడం లేదు,"

పెద్దమేడం డబ్బాతో సహా పక్కకి జరిగింది.